బోరు కాడి సాక్ష్యం

ఆ పొద్దున మబ్బు ఘట్‌కేసర్ వైపు నుంచి లేచి, ఉప్పల్ మీద కాసేపు ఉరిమి, నాచారం మీదికి వచ్చేసరికి మనసు మార్చుకుని, ఒక్క చుక్క రాల్చకుండా సైనిక్‌పురి దిక్కు జారిపోయింది. వాకిట్లో నులక మంచం మీద కూర్చున్న బుచ్చిరాములు అది కనుమరుగయ్యేదాకా దాన్నే చూశాడు. మే నెల. లోపల ఆయన భార్య తారామణి కూర దించి బగోనె మీద మూత పెట్టింది. కొత్త బోరులో నీళ్ళు పడ్డందుకు ఆ పూట వాళ్ళింట్లో కృతజ్ఞత కూడిక; చర్చి పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేయిస్తాడు, ఇంటాయన సాక్ష్యం చెప్పాలి.

"మొగులు దిక్కు చూసుడు ఆపి ఇటు చూడు. మొదట్నుంచి చెప్పు."

"చెప్పిన గద."

"యాడ చెప్పినవ్? 'అందరికి వందనాలు' అని నీళ్లు తాగినవ్. వందనాల కాడ్నే నీళ్లు తాగితే సాక్ష్యం ఎప్పుడు చెప్తవ్?"

"గొంతెండింది."

"నీళ్లు పడ్డ ఇంట్ల గొంతెండుడేంది! చెప్పు, చెప్పు. చెంగిచెర్లల కూడిక అయిపోంగనే అయ్యగారు ఇటే వస్తడు. సంఘమంత వస్తది. నాగోల్ నుంచి గూడ వస్తున్నరు. గంతమంది ముంగట నిలబడి నువ్వు మొగులు దిక్కు చూస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నువ్వే చెప్పు తారా. నీకు మంచిగొస్తది."

"ఇంటాయన ఉండంగ నేను లేస్తే మంచిగుంటదా? అయ్యగారు నీ పేరే పిలుస్తడు. 'సహోదరుడు యోహాను' అంటడు. పోయినసారి లెక్క, ఆ యోహాను ఎవరా అని ఎనకకు తిరిగి చూడకు."

"షిఫ్టుల అందరు బుచ్చిరాములనే పిలుస్తరు. బాప్తిస్మం పేరు జర ఆలస్యంగ యాదికొస్తది."

"యోహానంటే నువ్వే. మనసుల పెట్టుకో. ఊఁ, కానియ్యి."

"ప్రభువునందు ప్రియులైన వారికి వందనాలు. మాకు తొమ్మిదేండ్ల సంది నీళ్ల తిప్పలు."

"తిప్పలు అనకు. శోధన అను."

"తిప్పలే గద."

"సంఘంల తిప్పలని ఎవరన్న అంటరా? శోధన."

"మాకు తొమ్మిదేండ్ల సంది నీళ్ల శోధన. నల్లా నాలుగొద్దులకు ఒకపారి వచ్చేది. వచ్చినా దారం లెక్క వచ్చేది. ట్యాంకరు కాడ కొట్లాటలైతుండె."

"కొట్లాట మాట ఎత్తకు."

"అయినయి గద."

"అయినయి. కొట్లాడింది నేనే. అందుకే ఎత్తకంటున్న."

"మరి ఎట్ల బతికినమని చెప్పాలె?"

"దేవుడు పోషించిండని చెప్పు."

"సక్కక్క పోసింది గద. గోడ అవతలికెళ్లి బిందెలు బిందెలు."

"దేవుడే ఆమెతోని పోపిచ్చిండు."

"అయితే ఆమె పేరు చెప్పనా?"

"పేర్లెందుకు? మనుషుల పేర్లు చెప్తే దేవుని మహిమ తక్కువైతదని అయ్యగారే అన్నడు. ఇగ రాయి సంగతి చెప్పు. అసలుది అదే."

"రాయి ఎందుకే?"

"ఎందుకేంది? బోరు యాడ ఎయ్యాలె, యాడ ఎయ్యాలె అని పరేషాన్ల ఉన్నమా లేమా? నేను వాకిలి ఊడ్చి ఉపవాస ప్రార్థనకు పోయిన. అప్పుడు రాయి లేదు. తెల్లారి చూస్తే గోడ పక్కకు రాయి. అయ్యగారు వచ్చి, కండ్లు మూసుకొని వాకిలంత ప్రార్థన చేసుకుంట తిరిగి, సక్కగ పోయి ఆ రాయి కాడ్నే ఆగిండా లేదా?"

"కాలికి తట్టింది. ఆగిండు."

"కాలికి ఎవరు తట్టిచ్చిన్రు?"

"రాయి."

"దేవుడు! దేవుడు తట్టిచ్చిండు. రాయి తనంతల తనే నడిచొచ్చిందా మరి?"

"కుక్కలు గిట్ల తెచ్చినయేమో."

"గంత రాయిని కుక్క తెస్తదా! నీకు నమ్మకం లేకుంటే ఊకో, నవ్వులాట చెయ్యకు. అయ్యగారు దానికి ఎబెనెజరు అని పేరు గూడ పెట్టిండు. ఇంతవరకు దేవుడు సాయం చేసిండని అర్థం."

"దానికి నూనె రాసినవేందే? మైసమ్మకు రాసినట్టు."

"యాకోబు గూడ రాయికి నూనె పోసిండు. బైబిలు చదివితే ఎర్కైతది."

"మరి తీస్కపోయి బగోనె మూత మీద ఎందుకు పెట్టినవ్?"

"పిల్లి వస్తున్నది. కూడిక షురు గాంగ తీసి, తుడిచి, టేబుల్ మీద పెడ్త. నువ్వు మాత్రం మూత తియ్యకు. అయ్యగారు ప్రార్థన చేసి, ఆయన పళ్లెంల పడ్డంకనే ఇంకొకరికి. పద్ధతి పద్ధతే."

"ఆకలైతుంది."

"నీళ్లు తాగు. ఉన్నయి గద మనకు. ఆగు, ఫోను... అయ్యగారే. వందనాలయ్యగారు. ఆఁ... ఆఁ... మ్యాచా? ఇయ్యాలనా? ఉప్పల్ రోడ్డంతనా? పర్వాలేదయ్యగారు, నిమ్మళంగ రాండ్రి. ఇంటాయననా? మస్తు తయారుగున్నడు. నోటికి నేర్చిండు. ఆ చివరి మాట గూడ చెప్తడు. వందనాలు, వందనాలు."

"నోటికి నేర్చిన్నా నేను?"

"నేర్వాలె. స్టేడియంల మ్యాచ్ ఉన్నదట, ఉప్పల్ కాడ బండ్లు ఆగినయట. ఆలస్యమైతదట. నీకే మంచిగైంది. ఇగ చివరి మాట."

"ఏం మాట?"

"ఎర్కలేనట్టు అడుగుతవు. 'పక్కింటోళ్ల బోరు ఎండింది, మా బోరు పొంగింది, దేవునికే మహిమ.' గంతే."

"అది నేను చెప్పను."

"అయ్యగారే చెప్పుమన్నడు. ఆ మాట కాడ సంఘమంత హల్లెలూయ అంటరన్నడు."

"చెప్పను."

"అబద్ధమా? సక్కక్క బోరు ఎండలేదా?"

"ఎండింది."

"మన బోరు పారుతలేదా?"

"పారుతుంది."

"మరి?"

"నిజమే. గందుకే చెప్పను."

"నీ మాటలకు తల ఉండదు, తోక ఉండదు."

"ఆమెను పిలిచినవా?"

"పిల్వకుంట ఉంటమా? తొమ్మిదేండ్లు ఆమె ఇంటి నీళ్లు తాగినం. ముంగటి కుర్చీల కూసోపెడ్త."

"ముంగట కూసోపెట్టి, నీ బోరు ఎండిందని చెప్పాలె నేను."

"వింటే మనసు మారుతది. ఆమె గూడ నమ్ముకుంటది. ఆమె మైసమ్మను ఇడిచి ఇటు రావాలని నేను ఎన్నేండ్ల సంది ప్రార్థన చేస్తున్ననో నీకెర్కనా?"

"ఆమె బోరు ఎండాలని చేసినవా?"

"చీ! పుక్కిలిచ్చి ఉమ్మెయ్ ఆ మాట."

"ఊకె అడిగిన."

"ఊకె అడగవు నువ్వు. నీకేం, షిఫ్టుకు పోతవు, వస్తవు. బిందె పట్టుకొని ఆ గడప కాడ నిలబడ్డది నేను. ఆమె లేసిందా, లేదా, దగ్గుతున్నదా, పొయ్యి ముట్టిచ్చిందా అని తలుపు దిక్కు చూసుకుంట. ఆమె ఇంటికి చుట్టాలొస్తే ఖాళీ బిందె కొంగు కింద దాచుకొని మర్లొచ్చిన. ఇటు సంఘంలనేమో మల్లాపూర్ సువార్తమ్మ, 'నీ ఇంట్ల విశ్వాసం తక్కువ, అందుకే నీళ్లు తక్కువ' అని అందరు వినంగ అన్నది. ఇయ్యాల ఒక్కనాడు, ఒక్కనాడన్న ఇచ్చేటోళ్ల లెక్క నిలబడదామంటే..."

"నిలబడు. నేను వద్దన్ననా?"

"నోరు అనలే. నీ మొఖం అంటున్నది."

"తారా."

"ఏంది?"

"బోరు బండి ఆయన ఆ రోజు ఏమన్నడో యాదున్నదా?"

"ఏమన్నడు?"

"ఏం లేదు."

"చెప్పు."

"ఏం లేదన్న గద. చాయ్ ఉన్నదా?"

"ఇప్పుడు చాయా! ఎవరో గేటు తీస్తున్నరు చూడు. సక్కక్కే. లే, లే, ఆ మంచం జరుపు."

పక్కింటి సక్కుబాయి వచ్చింది. చంకలో ఖాళీ బిందె ఉంది, చేతిలో కొబ్బరికాయ ఉంది. ఆ బిందె తమ గేటు లోపలికి రావడం బుచ్చిరాములు చూడ్డం అదే మొదలు. మంచం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఏం తమ్మి, లేసినవేంది? నేనేమన్న తహసీల్దారునా? కూసో."

"రా అక్కా, రా. బిందె తెచ్చినవా?"

"తెచ్చిన తారా. నవ్వకు."

"అయ్యో, నవ్వుతనా!"

"నిన్నటి సంది మోటరు ఏస్తే పైపు దగ్గుతున్నది. కఫం పట్టిన ముసలోని లెక్క దగ్గి, దగ్గి, చెంచెడు నీళ్లు ఉమ్మి ఊకుంటది. మా మామ ఏపిచ్చిన బోరు. ఈ గల్లీ అంత జొన్నచేనున్నప్పటిది. ఇన్నేండ్లల ఒక్క ఎండకాలం గూడ ఇడిచిపెట్టలే."

"ఏమయ్యా, వింటున్నవా? మోటరు ఎయ్యి. అక్క బిందె నింపుదాం. ఎయ్యి అంటున్న!"

"ఏస్తున్న."

"చూడక్కా, చూడు! ఏనుగు తొండం లెక్క ఎట్ల పడుతున్నయో!"

"మస్తు ధార ఉన్నది. సల్లగున్నయి."

"దేవునికి స్తోత్రం."

"ఆఁ. తోత్రం."

"బిందె నిండింది. పైపు డ్రమ్ముల పెట్టయ్యా, వచ్చేటోళ్లు కాళ్లు కడుక్కుంటరు. ఇగ నువ్వు ఫికర్ చెయ్యకక్కా. రోజు పొద్దుగాల వచ్చి నింపుకపో. గేటు తీసే ఉంటది. మా ఇంట్ల ఏడింటిదాంక ఎవరు పండరు."

"నేను పండుతనా ఏడింటిదాంక?"

"అంటే... ఊకె మాటకన్న."

"మాటకే తియ్. ఎన్నటికన్న అనాలె గద నువ్వు గూడ."

"కొబ్బరికాయ ఎందుకక్కా?"

"ఎందుకేంది? గంగమ్మ వచ్చిన ఇంటికి ఒట్టి చేతులతోని వస్తరా? బోరు కాడ కొట్టి పోత."

"మేం కొట్టమక్కా. నమ్ముకున్నోళ్లం."

"నువ్వు కొట్టకు. నేను కొడ్త."

"అయ్యగారు చూస్తే బాగుండదు. చెక్క ముక్క గూడ కనవడొద్దు."

"సరే, పట్టు. చట్నీ చేసుకో. చట్నీకి మతం లేదు గద. వాసన మస్తుగొస్తున్నది, బగారన్నమా?"

"కోడికూర గూడ. నువ్వు ఉండాలక్కా, పోవద్దు. ముంగటి కుర్చీ నీదే. మా ఇంటాయన సాక్ష్యం చెప్తడు."

"సాక్ష్యమా? ఏం కేసు తమ్మి?"

"కేసు కాదక్కా. దేవుడు చేసిన మేలు నలుగుట్ల నిలబడి చెప్పుడు."

"తమ్మి మాట్లాడ్తడా? గిది చూడాలె. ఇన్నేండ్లల నాతోని మాట్లాడింది 'అక్కా, బిందె' గంతే."

"చెప్పవయ్యా. అక్క ముంగట ఒకపారి చెప్పు. నోరు తిరుగుతది."

"వద్దు."

"చెప్పు తమ్మి. నేను పరాయిదాన్నా?"

"ప్రభువునందు ప్రియులైన వారికి వందనాలు."

"మంచిగున్నది."

"మాకు తొమ్మిదేండ్ల సంది నీళ్ల శోధన."

"శోధనంటే?"

"తిప్పలక్కా."

"గట్లనే చెప్పరాదు మరి."

"నల్లా దారం లెక్క వచ్చేది. అయినా దేవుడు మమ్ములను పోషించిండు."

"ఏడికెళ్లి?"

"ఆఁ?"

"నీళ్లు. ఏడికెళ్లి పోషించిండని. ఊకె అడిగిన. చెప్పు, చెప్పు."

"ఒకనాడు పొద్దుగాల వాకిట్ల ఒక రాయి..."

"ఏం రాయి?"

"నేను చూపిస్తక్కా. గదో, బగోనె మీద ఉన్నదే. దేవుడు బోరుకు జాగ చూపిచ్చిన రాయి. ముట్టకక్కా, నూనె రాసి ఉన్నది."

"అరె! గిది మా రాయి."

"మీ రాయేంది?"

"మా రాయే. తానం చేసే కాడి రాయి. మా తమ్ముడు పోశిగాడు దీంతోనే మడిమెలు రుద్దుకుంటడు. గీ పక్క అరిగింది చూడు, సక్కగ వాని మడిమె లెక్కనే లేదా? నా రాయేది, నా రాయేది అని నన్ను సతాయిస్తున్నడు. తనే తెచ్చి పెట్టి తనే మర్సిపోయిండు ఆగంగాడు."

"మడిమెలు రుద్దే రాయా?"

"నూనె రాస్తే మంచిగనే మెరుస్తున్నది."

"పోశన్న రాయి మా వాకిట్లకు ఎట్ల వచ్చిందక్కా?"

"తమ్మిని అడుగు."

"ఏమయ్యా? కుక్క తెచ్చిందంటివి."

"కుక్క అని పక్కాగ అనలే. తెచ్చిందేమో అన్న."

"ఎవరు తెచ్చిన్రు?"

"పోశన్న."

"పోశన్నకు మా వాకిట్ల ఏం పని? ఆయన కొబ్బరికాయ పట్టి నీళ్లు చూసేటోడు. అరచేతిల కాయ పెట్టుకొని నడుస్తడు, నీళ్లున్న కాడ అది లేసి నిలబడ్తది అంట... ఏమయ్యా! నువ్వు పిలిచినవా?"

"జర మెల్లగ. పక్కోళ్లు వింటరు."

"పక్కోళ్లు ఇక్కడ్నే ఉన్నరు! పిలిచినవా?"

"నువ్వు ఉపవాస ప్రార్థనకు పోయినప్పుడు. ఒక్క గడియనే."

"నేనక్కడ నీళ్లు ముట్టకుంట ప్రార్థన చేస్తుంటే, నువ్విక్కడ కాయ నిలబెట్టినవా?"

"బోరుల నీళ్లు పడకుంటే బండోడు పైసలు మర్ల ఇయ్యడు. అంత భారం ఒక్క దేవుని మీదనే ఏసుడెందుకని..."

"విన్నవా అక్కా! దేవునికి సాయం పెట్టిండట ఈయన!"

"మరి మీ అయ్యగారు ఏం చేసిండు?"

"కండ్లు మూసుకొని తిరుగుతుంటే కాలికి తట్టింది. నేను ముందునుంచి అదే చెప్తున్న."

"నాకు చెప్పకపోతివి! నేను సంఘమంత చెప్పిన. సువార్తమ్మకు ఫోను చేసి మరీ చెప్పిన. ఎబెనెజరు అని పేరు పెట్టినం. నూనె..."

"దేవుడు లేడని అన్ననా తారా? కాలికి తట్టిచ్చింది ఆయనే అనుకో."

"మడిమెల రాయిని!"

"లొల్లి పెట్టుకోకుండ్రి. చెప్పు తమ్మి, మిగిలింది గూడ చెప్పు."

"అయిపోయిందక్కా."

"నాకు కాయ నిలబెట్టుడు చెప్పలే. ఇది గూడ దాస్తున్నవా? చివరి మాట ఉన్నది గద."

"వద్దు తారా."

"ఆఁ... అవును. వద్దు తియ్. అక్క ముంగట ఎందుకు."

"నా ముంగట ఎందుకంటే నాదే అన్నట్టు. ఏం మాట?"

"ఏం లేదక్కా. బగారన్నం సల్లారుతుందేమో చూస్త."

"ఏం మాట తమ్మి?"

"పక్కింటోళ్ల బోరు ఎండింది, మా బోరు పొంగింది, దేవునికే మహిమ. గిది."

"అక్కా, అది మేం అన్నది కాదు. అయ్యగారు..."

"మంచిగనే ఉన్నది తారా. అబద్ధమేమున్నది దాంట్ల? బిందె పట్టుకొని వచ్చిన గద."

"ఇయ్యాల సంఘమంత నీ కోసం ప్రార్థన చేస్తం అక్కా. నేనే లేసి అడుగుత. నీ బోరుకు మల్ల నీళ్లొచ్చేటట్టు..."

"ప్రార్థనెందుకే! మన మోటరు బంద్ చేస్తే సాలు."

"ఏమన్నవ్?"

"ఏం లేదు."

"ఏం లేదు కాదు. ఇందాక గూడ ఏం లేదన్నవ్. బోరు బండి ఆయన ఏమన్నడు?"

"తారా, వాళ్ల బోరుకు మన బోరుకు నడుమ ఒక్క గోడ ఉన్నది. నీళ్లు పడంగనే ఆయన అన్నడు, ఇగ సాలు, మీ ఇంటికి ఇవి మస్తైతయి, ఇంకా దించితే పక్కోళ్లవి గుంజుతది అని."

"మరి ఎందుకు దించిండు?"

"నువ్వే."

"నేనా?"

"'లోతుకు పోతేనే దీవెన అని అయ్యగారు అన్నడు, ఆపకు, విశ్వాసంతోని దించు' అని బండి ముంగట చేతులెత్తి నిలబడ్డవ్. ఆయన ఇంకా దించిండు."

"నాకు వినవడలే. ఆయన అట్ల అన్నది నాకు వినవడలే."

"బండి సప్పుడు ఒకదిక్కు. నీ స్తోత్రం సప్పుడు ఒకదిక్కు. ఆయన నా చెవుల చెప్పిండు."

"నువ్వన్న ఆపకపోతివా?"

"నీ మొఖం చూసిన."

"నా మొఖం చూస్తే?"

"బురదంత పడ్డది నీ మీద. అయినా నవ్వుతున్నవ్. తొమ్మిదేండ్లల నిన్ను గట్ల చూడలే. చెప్పబుద్ధి గాలే."

"అయిపోయిందా మీ ఇద్దరిది? ఇగ నేను చెప్త. నా సాక్ష్యం."

"అక్కా, నాకు నిజంగనే..."

"కూసో పిల్లా. వినుడు గూడ నేర్వాలె. పోశిగాని కాయ యాడ నిలబడుమంటే ఆడ నిలబడ్తది. వాన్ని గోడ పక్కకు పొమ్మన్నది నేనే. ఆడ పెట్టురా రాయి అని చెప్పి పంపింది నేనే."

"నువ్వా?"

"ఈ గల్లీల నీళ్లు ఆ ఒక్క జాగల తప్ప యాడ లేవు. మా మామ ఎన్ని కాడ్ల ఏపిచ్చి భంగపడ్డడో నాకెర్క. మీరు ఇంకోకాడ ఏపిస్తే మట్టి తప్ప ఏమొస్తది? ఉన్న నీళ్లు సగం మీకు, సగం నాకు వస్తయనుకున్న. నువ్వు గంత లోతుకు పోతవని నాకేం ఎర్క?"

"నీ నీళ్ల పక్కకు నీ అంతల నువ్వే ఎందుకు చూపిచ్చినవక్కా? నీకేం అవుసరం?"

"అవుసరమే. మస్తు అవుసరం."

"ఏం అవుసరం?"

"చెప్తే కోపానికి రావద్దు."

"రాను."

"తొమ్మిదేండ్లు. పొద్దుగాల తలుపు తీస్తే నీ బిందె. మోకాళ్లు గుంజినా లేసి మోటరు ఏస్త, నీళ్లు పట్టిస్త. బిందె నిండంగనే నువ్వేం చేస్తవు? మొగులు దిక్కు చూసి 'దేవునికి స్తోత్రం' అంటవ్. ఎత్తుకొని పోతవ్. నేను నీ పక్కనే నిలబడి ఉంట, పైపు పట్టుకొని. ఒక్కనాడు... ఒక్కనాడన్న ఆ తల జర కిందికి దించి..."

"అక్కా..."

"కరెంటు బిల్లు నాది, తోత్రం ఆయనకు. మా మైసమ్మ ముంగట దీపం పెడుతుంటే నాకే సిగ్గయ్యేది. ఏందే, నీళ్లు పోసేది నువ్వు, పేరొచ్చేది ఇంకొకరికా అని నవ్వుతున్నట్టుండేది. ఆఖరికి అనుకున్న, గీ పిల్లకు ఒక బోరు పడనీ. ఆమె, ఆమె దేవుడు నిమ్మళంగ ఉంటరు. నడుమ నేనెందుకు, అని. ఏడ్వకు. నలుగురు వచ్చే యాళ్ల."

"ఏడుస్తలేను. ఉల్లిగడ్డలు కోసిన చేతులు."

"తారా, అయ్యగారి ఫోను మోగుతున్నది."

"మోగనియ్యి."

"ఉప్పల్ దాటిండేమో."

"దాటనియ్యి. నువ్వు ఆ రాయి తియ్యి."

"ఎందుకు?"

"బగోనె మూత తియ్యాలె."

"అయ్యగారు రాకముందా? పద్ధతి అంటివి..."

"తియ్యమన్న గద. మూడు పళ్లాలు తే. అక్కా, కూసో."

"ముంగటి కుర్చీలనా?"

"కింద. చాప మీద. మాతోని."

"రాయి ఏడ పెట్టాలె తారా?"

"గోడ మీద పెట్టు. పోశన్నకు ఇచ్చెయ్యాలె. ఎండకాలం, మడిమెలు పగిలినయో ఏమో."

"అయితే సాక్ష్యంల రాయి సంగతి...?"

"నువ్వు చెప్పకు. నేనే చెప్త."

"ఏం చెప్తవ్?"

"ఇంకా ఎర్కలే. అక్క పేరైతే చెప్త. గిది ఫస్టు పళ్లెం అక్కా, నీకే. పట్టు."

"గింత ఏస్తే ఎట్ల తింట పిల్లా! ఆగు. తినేముంగట మీరు కండ్లు మూసుకుంటరు గద. తోత్రం చెయ్యవా?"

"చేస్తున్న అక్కా. వడ్డిస్తున్న గద. పులుసు పొయ్యనా?"

"పొయ్యి. తమ్మికి గూడ ఎయ్యి, చూడు ఎట్ల చూస్తున్నడో. ఏం తమ్మి, ముద్ద చేతిలనే పెట్టుకున్నవ్?"

"తారా... మోటరు బంద్ చెయ్యలే."

"డ్రమ్ము పెద్దదే. నిండనియ్యి."

"అది కాదు. విను."

"ఏంది?"

"పైపు."

"తిను తమ్మి. ఆ సప్పుడు నాకెర్కనే."

ముగ్గురూ తిన్నారు. బయట కొత్త బోరు పైపు దగ్గి, దగ్గి, చెంచాడు నీళ్ళు ఉమ్మి ఊరుకుంది.